టీవీ ముందు పిల్లలతో మాట్లాడించండి

సంపాదకులకు,

బెంగళూరులో మన పిల్లలు స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో కన్నడం వింటారు. తెలుగు వస్తుందని ఇంట్లో తెలుగు బొమ్మల కార్యక్రమం పెట్టి పెద్దలు తమ పనిలో పడిపోతున్నారు. అలా వదిలేస్తే మూడు నాలుగేళ్ల పిల్లలకు కొన్ని పేర్లు వస్తాయేమో గానీ, వలవడం, తరగడం, ఒంపడం లాంటి పనుల మాటలు పక్కన కూర్చుని అనిపిస్తేనే బాగా నోటికి వస్తాయి.

పది పన్నెండు నిమిషాల ఎపిసోడ్ చాలు. ముందే చూసి మూడు మాటలు ఎంచుకోండి. అదే ఎపిసోడ్ నాలుగైదు రోజులు చూపండి. విసుగు పెద్దలకే, పిల్లలకు కాదు. అమెరికాలో 1996లో మొదలైన 'బ్లూస్ క్లూస్' అనే పిల్లల టీవీ కార్యక్రమం ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు వేసేది. చూసేకొద్దీ పిల్లలు ఎక్కువగా బదులు చెప్పారని పరిశోధకులు గమనించారు.

తెర మీద అవ్వ కాయలు వలుస్తుంటే ఆపి, "ఏం చేస్తోంది?" అని అడగండి. "వలుస్తోందా?" అంటే తలూపి ఊరుకుంటారు. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. చాలా ఇళ్లలో చెడేది ఇక్కడే, రెండో అంకెకే పెద్దలు జవాబు అందించేస్తారు. పిల్ల "తీస్తోంది" అంటే తప్పనకుండా, "అవును, గింజలు తీస్తోంది, కాయలు వలుస్తోంది" అనండి. సాయంత్రం గుప్పెడు కాయలు చేతికివ్వండి. చలికాలంలో ఇక్కడ రాశులు పోసి అమ్మే అనపకాయలైతే (కన్నడంలో అవరెకాయి) మరీ మంచిది: వలవడం, నానబెట్టడం, పితకడం, మూడు మాటలూ వేళ్లకే తెలుస్తాయి. చుట్టాల ముందు మాత్రం "చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టకండి, నోరు మూసుకుపోతుంది.

ఏడాది పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఎవరూ చూడని సీరియల్ మోగుతూ ఉన్నా నష్టమే, ఇంట్లో పిల్లలతో మాటలు తగ్గిపోతాయి.

తెలుగు ఛానళ్లకు ఒక విన్నపం. డబ్బింగ్‌లో వస్తువు తెర మీది నుంచి పోయాక దాని పేరు వినిపిస్తోంది. వస్తువు కనబడుతుండగానే పేరు చెప్పండి, వేర్వేరు వాక్యాల్లో ఐదారుసార్లు వాడండి, ప్రశ్న తర్వాత సంగీతం లేకుండా నాలుగు సెకన్లు పిల్లలకు వదలండి.

— ప్రీస్కూల్ టీచర్లు, మారతహళ్లి, బెంగళూరు