తొలి వారమే షార్ట్‌కట్లు నేర్పండి

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరుల్లో మ్యూజిక్ ప్రొడక్షన్ నేర్పేవారు ప్లగిన్ల (అదనపు ధ్వని సాధనాల) కంటే ముందు కీబోర్డ్ షార్ట్‌కట్లు నేర్పాలి. విండోస్‌లో సంగీతం తయారుచేసే ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌కు తొలి వారం మూడు చాలు: కంట్రోల్+ఇ క్లిప్‌ను (ట్రాక్‌లోని ధ్వని ముక్కను) కోస్తుంది, కంట్రోల్+డి పక్కనే నకలు వేస్తుంది, కంట్రోల్+జె ముక్కల్ని ఒకటి చేస్తుంది. కొత్తవాళ్లు తడబడేది ‘ఎ’ కీ దగ్గర. నొక్కితే ఆటోమేషన్ (వాల్యూమ్ లాంటివి పాటలో ఎక్కడెక్కడ మారాలో చూపే గీతలు) తెరుచుకోదు, ఆర్మ్ చేసిన (రికార్డింగ్‌కు సిద్ధం చేసిన) ట్రాక్‌లో వాయిద్యం మోగుతుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, కంప్యూటర్ కీలనే వాయిద్యం మెట్లుగా మార్చే ‘కంప్యూటర్ మిడి కీబోర్డ్’ ఆన్‌లో ఉండి చాలా అక్షరాలు స్వరాలైపోయాయి. ‘ఎం’ నొక్కి ఆపేస్తే సరి. రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోనైతే కోతకు ఒక్క ‘ఎస్’ చాలు. వంద కీల పట్టిక బట్టీ పట్టించడం శుద్ధ దండగ. సరళీ వరుసల్లా రోజూ పది నిమిషాలు ఆ మూడే చేతికి ఎక్కించండి.

– ఒక సౌండ్ ఇంజినీర్, గవర్నర్‌పేట, విజయవాడ