డెల్టా అంటే కొబ్బరితోటలేనా?

సంపాదకులు గారికి,

గోదావరి డెల్టా అనగానే పత్రికల్లోనూ క్యాలెండర్లలోనూ కొబ్బరితోటలు, పచ్చటి వరిచేలే. సముద్రపు పాటు (ఆటు) వేళ కోరింగ దగ్గర నీరు వెనక్కి తీశాక బయటపడే బురదమైదానాన్ని చూపించేవారు తక్కువ. ఎంత అందమో అది! నల్లమడ చెట్ల శ్వాసవేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా నిలబడతాయి. వాటి మధ్య, పొద్దుటి ఎండకు మెరిసే బురదలో, బావురుపిల్లి అడుగులు. మొన్న పడవలోంచి వాటిని ఫొటో తీశాను. పిల్లి కనిపించలేదు గానీ, అంచుల్లో ఇంకా నీరు ఊరుతున్న ఆ నాలుగు ముద్రలే నాకు చాలు. 1978లో అభయారణ్యమైన చోటిది, నీటికుక్కలూ ఉన్నాయి. మీ ఆదివారం సంచికలో ఒక్క పేజీ ఈ బురదకు ఇవ్వండి. ఫొటోలు తీసేవారికీ ఒక మాట: ఎగిరే దృశ్యం కోసం ఉల్లంకి పిట్టల్ని బెదరగొట్టకండి. ఆ బురదలో అవి మేత ఏరుకునేది పాటు ఉన్న కాసేపే.

– ఒక పాఠకుడు, తాళ్లరేవు