కిమ్చి అంటే క్యాబేజీ పచ్చడేనా? మీ కొరియాటౌన్ టూర్ మీద ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ వారికి,

విషయం: నవంబర్ రెండో శనివారం, మన్‌హాటన్ కొరియాటౌన్ ఫుడ్ అండ్ షాపింగ్ టూర్, 3 టికెట్లు, రీఫండ్ గురించి.

నమస్తే అండి. మీ ప్రకటన తెలుగులో ఉంది, ఫోన్లో మాట్లాడింది తెలుగులో, గైడ్ కూడా తెలుగబ్బాయే, అందుకే ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నా. ఇలా రాయడం ఇది రెండోసారి. మొదటిదానికి మీరిచ్చిన జవాబు సంగతి చివర్లో చెప్తాను.

మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. అమ్మ తెలుగు డబ్బింగ్‌లో కొరియన్ సీరియళ్ళు వదలకుండా చూస్తుంది, వాళ్ళు ప్రతి భోజనంలోనూ ఎర్రగా ఏదో నంజుకుంటారే, అదేమిటే అని చాన్నాళ్ళుగా అడుగుతోంది. మీ పేజీలో ‘అమ్మానాన్నల కోసం, పూర్తి శాకాహార ఏర్పాటు ఉంది’ అని చూసి మనిషికి 95 డాలర్ల చొప్పున 285 డాలర్లు కట్టాను. బుక్ చేసేటప్పుడు శాకాహారం అని టిక్ పెట్టి, అది చాలదేమోనని ఫోన్ చేసి మరీ చెప్పాను: అమ్మ గుడ్డు కూడా తినదు అని. ‘మీకెందుకు మేడమ్ టెన్షన్, మేం చూసుకుంటాం’ అన్నారు.

మొదటి హోటల్లో కూర్చోగానే వాళ్ళు అడక్కుండానే చిన్న గిన్నెల్లో తెచ్చిపెట్టే బాంచన్ వచ్చింది: మొలకలు, ముల్లంగి, కిమ్చి. అమ్మ కిమ్చి చూసి ఆగింది, ఇందులో ఏం వేస్తారు బాబూ అని అడిగింది. మీ గైడ్, వంటింటి వైపు కనీసం తల కూడా తిప్పకుండా, ‘క్యాబేజీ పచ్చడే ఆంటీ, మన గోంగూరలాగే, హాయిగా తినండి’ అన్నాడు. అమ్మ తింది, నచ్చింది, ఇంకో గిన్నె అడిగి తెప్పించుకుంది. రెండో చోట తొక్‌పొక్కి. వేళ్ళంత పొడుగు బియ్యప్పిండి ముక్కలు, గొచుజాంగ్ అనే కొరియన్ మిరప ముద్దతో చేసిన ఎర్రటి పులుసులో. వాటి మధ్య పల్చగా గోధుమరంగులో పీలికలు కనిపిస్తే ఇవేంటని అడిగాం. ‘టోఫూ లాంటిది’ అన్నాడు. అది ఒముక్ అండి, చేప ముద్దను రుబ్బి చేసేది. ఆ పులుసు కూడా మామూలుగా ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు మరిగించిన నీళ్ళతోనే చేస్తారు. అమ్మ వాసన చూసి పక్కకు నెట్టేసింది కాబట్టి సరిపోయింది.

కిమ్చి సంగతి హెచ్ మార్ట్ అనే కొరియన్ సరుకుల కొట్లో బయటపడింది. ఇంటికి ఒకటి పట్టుకెళ్దామని అమ్మ తనే ఒక సీసా తీసి నా చేతిలో పెట్టి, ఎన్నాళ్ళు నిలవుంటుందో చదవమంది. చదివితే ఉప్పు రొయ్యలు, చేపల సాస్. ఈ దేశంలో రొయ్య, చేప అలర్జీ పదార్థాల లెక్కలోకి వస్తాయి కాబట్టి సీసా మీద స్పష్టంగా రాసి తీరాలి, రాసే ఉంది. అంటే ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. అదే అరలో పక్కనే వీగన్ కిమ్చి కూడా ఉంది. మీ అబ్బాయిని అడిగితే ‘అవునా? కొంచెమే వేస్తారులెండి’ అన్నాడు. ఆ హోటలుకి వెంటనే వెనక్కెళ్ళి అడిగాను, మా కిమ్చిలోనూ ఉప్పు రొయ్యలుంటాయమ్మా అని వాళ్ళు దాపరికం లేకుండా చెప్పారు. హోటలు వాళ్ళ తప్పు లేదు, వాళ్ళని ఎవరూ అడగలేదంతే.

ఇంకో విచిత్రం. దారిలో చేప ఆకారంలో వేడివేడిగా బుంగొప్పాంగ్ అమ్ముతుంటే అమ్మ ఆశగా చూసింది, మీ గైడ్ గబుక్కున అడ్డం వచ్చి ‘వద్దు ఆంటీ, అది చేప!’ అన్నాడు. అందులో చేప ఉండదండి, అచ్చు మాత్రమే చేపది. లోపల ఎర్ర బీన్స్‌తో తీపి పూర్ణం, మన బొబ్బట్టు సంగతే. పిండిలో గుడ్డు వేశారా అని అడిగితే సరిపోయేది. రొయ్యలున్నది తినమన్నాడు, చేప లేనిది వద్దన్నాడు.

ఇక షాపింగ్ అంటే మీ లెక్కలో ఒక్క కాస్మెటిక్స్ కొట్టు. యాభై నిమిషాలు అక్కడే. కమీషన్ ఉందేమో నాకు తెలీదు గానీ అక్కడ అతనికి దొరికిన మర్యాద చూస్తే అనుమానం వచ్చింది. అమ్మ చేతి మీద ఏదో క్రీము రాశారు, జిగటగా ఉంది. డబ్బా మీద స్నెయిల్ మ్యూసిన్ అని ఉంది, అంటే నత్త జిగురు. అమ్మ నన్నేమీ అనలేదు, ‘పచ్చట్లో రొయ్యలు, చేతికి నత్తలు, ఇంకేమన్నా మిగిలాయా’ అంది నాన్నతో. నాన్న నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

కొరియాటౌన్ అంటే 32వ వీధిలో బ్రాడ్‌వేకీ ఫిఫ్త్ అవెన్యూకీ మధ్య ఉన్నది ముఖ్యంగా ఒక్క బ్లాకే, కానీ అక్కడ కొట్లు పక్కపక్కనే కాక ఒకదాని మీద ఒకటి ఉంటాయి, బోర్డులు మూడో అంతస్తు, ఐదో అంతస్తు దాకా వేలాడుతుంటాయి, పైన కారియోకే గదులు, హోటళ్ళు. మీరు కింది అంతస్తు దాటి ఒక్కచోటికీ తీసుకెళ్ళలేదు. పెన్ స్టేషన్ నుంచి రైల్లో క్వీన్స్‌లోని మర్రే హిల్‌కి, అక్కడ స్టేషన్ చుట్టూ ఉన్న కొరియన్ తిండి వీధులకి వెళ్తామని కూడా పేజీలో ఉంది. ‘టైమ్ లేదు’ అని పన్నెండూ ముప్పావుకే ముగించారు. మూడున్నర గంటల టూర్ పదిన్నరకి మొదలైంది, లెక్క మీరే వేసుకోండి.

అసలు బాధేమిటంటే శాకాహారులకి అక్కడ తిండి లేక కాదు. ఫిఫ్త్ అవెన్యూ దాటితే అదే 32వ వీధిలో హంగావి అని శాకాహార కొరియన్ హోటలు ఎన్నో ఏళ్ళుగా ఉంది, చెప్పులు విప్పి లోపలికెళ్ళాలి. కొరియా బౌద్ధ సన్యాసులు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు, వాళ్ళ వంటే ఒక సంప్రదాయం. చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి కిమ్చి పెట్టుకునే కిమ్‌జాంగ్‌ని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది, సరిగ్గా మేం తిరిగింది ఆ రోజుల్లోనే. ఏటా ఆవకాయ జాడీలు నింపే మా అమ్మకి ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేవి.

ఇప్పుడు మీ జవాబు. ‘మా గైడ్ సదుద్దేశంతోనే చెప్పాడు, వచ్చే టూర్‌కి 15 శాతం కూపన్ ఇస్తున్నాం.’ అతనికి దురుద్దేశముందని నేనెప్పుడన్నాను? తెలీనప్పుడు తెలీదనాలి, లేదా వంటవాణ్ణి అడగాలి. అరవై ఏళ్ళు దాటిన మనిషి ఆ రాత్రి అన్నం ముట్టకుండా పడుకుంది, దానికి కూపన్ ఏం చేసుకోమంటారు?

నాక్కావలసింది ఇంతే: అమ్మ టికెట్ మొత్తం, మా ఇద్దరి టికెట్లలో సగం, కలిపి 190 డాలర్లు, కార్డుకే తిరిగి వేయండి. పేజీలో ‘పూర్తి శాకాహార’ అన్న మాట, వంటింట్లో అడిగి రాసుకున్న జాబితా చేతిలో ఉండేదాకా, తీసేయండి. పది రోజులు చూస్తాను. తర్వాత కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ పెడతాను, బుకింగ్ పేజీ, మీ ఈమెయిల్, కిమ్చి సీసా ఫోటో అన్నీ నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్, ఎడిసన్

తా.క.: ఫ్రీ గిఫ్ట్ అని ఇచ్చిన క్రీము ప్యాకెట్లు మూడూ విప్పకుండా అలాగే ఉన్నాయి. అమ్మ వాటిని ఇంట్లో ఉంచనివ్వడం లేదు, ప్రస్తుతం కారు డిక్కీలో ఉన్నాయి. ఏ అడ్రసుకి పంపాలో చెప్పండి.