ఓల్డ్ ఫోర్జ్ పిజ్జా అమ్మకి, మా బాపు తరఫున

బాపు, అంటే మా నాన్న, నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. పక్కన ఆక్సిజన్ మెషిన్ పెట్టుకుని పడుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత నాకూ మంచం దొరికింది గానీ నిద్ర పట్టడం లేదు, అందుకే ఇది రాస్తున్నా. మీలో చాలామంది ఫోన్లు చేశారు, ఎత్తలేకపోయాను. ఏమీ అనుకోవద్దు.

థాంక్స్‌గివింగ్ సెలవులకి బాపుని నయాగరా తీసుకెళ్ళాం. శుక్రవారం న్యూజెర్సీలో మా ఎడిసన్‌కి తిరిగొస్తుంటే, పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ దాటాక ఆయనకి ఆయాసం మొదలైంది. బయట మంచు. హైవే దిగి, వెలుగు కనపడ్డ చోట కారు ఆపబోతే అది జారిపోయి రోడ్డు పక్క గుంటలో పడింది. ఎదురుగా ఒక పాత పిజ్జా హోటల్. కట్టేసే టైమ్.

లోపల ఒక ముసలావిడ బల్లలు తుడుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళట, తర్వాత తెలిసింది. నేనేదో చెప్పబోతుంటే వినలేదు, బాపు మొహం చూసింది. ఓవెన్ దగ్గరికి కుర్చీ లాగి కూర్చోబెట్టింది, అంబులెన్స్‌కి ఫోన్ చేయమని కొడుకుని కేకేసింది, కోటు గుండీలు తీసి చొక్కా చేతులు పైకి మడిచింది. అక్కడ ఆగింది. బాపు మోచేతి కింద ఒక నీలం గీత ఉంటుంది. బొగ్గు చీరుకున్నప్పుడు పొడి లోపలే ఉండిపోతే, గాయం మానినా చర్మం కింద ఆ రంగు పోదు. మా బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఇంటింటా చూసిన మచ్చే. ఆవిడ దాని మీద వేలు పెట్టి, "బొగ్గు గనా?" అంది. అవునన్నాను. "మా నాన్నకి ఇక్కడ ఉండేది" అని తన కనుబొమ్మ పైన చూపించింది.

నేను ఆ రాత్రి ఏడవలేదు అనుకుంటున్నారేమో. అంబులెన్స్‌లో ఏడ్చాను.

ఎనిమిది వేల పైచిలుకు జనం ఉన్న ఈ ఊరు, ఓల్డ్ ఫోర్జ్, తనని తాను ప్రపంచ పిజ్జా రాజధాని అని చెప్పుకుంటుంది. మొదట నవ్వొచ్చింది. అసలు సంగతి తర్వాత అర్థమైంది. ఇటలీ నుంచి, అందులోనూ కంపానియాలోని ఫెలిత్తో అనే ఊరి నుంచి, చాలా కుటుంబాలు ఇక్కడి ఆంత్రసైట్ (గట్టి బొగ్గు) గనుల పనికి వచ్చాయి. మగవాళ్ళు కిందికి దిగితే ఆడవాళ్ళు వంటింట్లో ఉన్న పెద్ద పళ్ళేల్లోనే పిజ్జా కాల్చేవారు. అందుకే ఇక్కడి పిజ్జా గుండ్రంగా ఉండదు, పలకలా ఉంటుంది. మొత్తాన్ని 'ట్రే' అంటారు, ముక్కని 'కట్' అంటారు. 'స్లైస్' అంటే మనం బయటివాళ్ళమని తెలిసిపోతుంది. 1926లో గిగియారెల్లి వాళ్ళ ఇంటి పెద్దావిడ, పేకాటకి వచ్చే గని కార్మికుల కోసం మొదలుపెట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈవిడ హోటల్ అంత పాతది కాదు. వాళ్ళ నాయనమ్మ ఇంటి ముందుగదిలో పెట్టింది, తర్వాత అమ్మ, ఇప్పుడు ఈవిడ.

1959 జనవరి 22న దగ్గర్లోని పోర్ట్ గ్రిఫిత్‌లో నాక్స్ గని పైకప్పు కూలి సస్క్వెహన్నా నది లోపలికి దూకింది. ఆ సుడి పూడ్చడానికి రైలు వ్యాగన్లనే నదిలోకి తోశారు. పన్నెండు మంది శవాలు కూడా దొరకలేదు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో లోతు గనులు దాదాపు మూతపడ్డాయి. ఆవిడకి అప్పుడు పన్నెండేళ్ళు. నాన్న పని పోయింది, ఆయాసం మిగిలింది. ఇల్లు గడిచింది అమ్మ ట్రేల మీదే.

ఇదంతా ఆవిడ నాకు చెప్పింది ఆసుపత్రిలో. మూడో రోజు మధ్యాహ్నం నేను కుర్చీలో నిద్రపోయి లేచేసరికి బాపు పక్కన కూర్చుని ఉంది. బాపుకి ఇంగ్లీషు రాదు. అయినా తట్టా చెమ్మస్‌తో (గంపా పారతో) బొగ్గు ఎట్ల నింపేవాడో చేతులతో చూపిస్తున్నాడు, ఆవిడ తల ఊపుతోంది. నన్ను చూసి బాపు, "ఈమె మన కాలరీ మనిషే బిడ్డా" అన్నాడు. కాలరీ అంటే బొగ్గు గని. రోజూ ఒక ట్రే వచ్చేది, ఉల్లిపాయలు వేసిన తియ్యటి సాస్‌తో. బాపు దాన్ని "రొట్టె మీద టమాట తొక్కు" అంటూనే తిన్నాడు. నా భార్యా పాపా మొదటి రెండు రాత్రులు ఆవిడ ఇంట్లోనే, హోటల్ పైన పడుకున్నారు.

డబ్బులివ్వబోతే, కౌంటర్ కింది నుంచి అట్ట ఊడిన ఖాతా పుస్తకం తీసింది. వాళ్ళమ్మది. జీతాల రోజు ఇస్తామని తిని వెళ్ళిన కార్మికుల పేర్లు, కొన్ని కొట్టేసి, చాలా వరకు కొట్టేయకుండా. మా ఖనిలో కిరాణా సేటు దగ్గర బాపు పేరు కూడా ఇలాగే ఉండేది. ఆవిడ చివరి పేజీలో బాపు పేరు నన్ను అడిగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసుకుంది. పక్కన ఎంతో రాయలేదు. పుస్తకం మూసి, "గని వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు" అంది. ఇక నావల్ల కాలేదు. ట్రేలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళందరి ముందూ ఏడ్చాను.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. విజిటర్ పాలసీ కొనేటప్పుడు అన్నీ కవర్ అన్నారు. నిమోనియా అయినా, ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి కాబట్టి ఇది 'ముందునుంచీ ఉన్న జబ్బు' అట. ముప్ఫై ఒక్కేళ్ళు భూమి కింద పనిచేసినవాడికి ఊపిరితిత్తులు కొత్తవి ఉంటాయా? ఫోన్ చేసిన ప్రతిసారీ నలభై నిమిషాలు పాట వినిపించి, మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పమంటారు. ఈ దేశంలో గని వాళ్ళ ఆయాసానికి 1969లోనే చట్టం చేసి పరిహారం పెట్టారు, ఆవిడ నాన్నకీ చెక్కు వచ్చేదట. మా బాపు తవ్విన బొగ్గు వేరే దేశంది, ఏం చేస్తాం. తల్లిదండ్రులని తెచ్చుకునేవాళ్ళు దయచేసి పాలసీలో ఆ చిన్న అక్షరాలు చదవండి.

అక్క గోదావరిఖని నుంచి రాత్రుళ్ళు మేలుకుని పాత రిపోర్టులన్నీ పంపింది. మా ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు.

తా.క.: కారుని గుంటలోంచి తన ట్రక్కుతో లాగింది ఆ అమ్మ కొడుకే, పైన రాయడం మర్చిపోయాను.

ఇంకో తా.క.: వీళ్ళందరికీ కూడా థాంక్స్: రాత్రి డ్యూటీ మలయాళీ నర్సమ్మ, బాపుకి చారు తెచ్చిన స్క్రాంటన్ తెలుగు స్టూడెంట్స్ ఇద్దరు, మా ఇంటి ముందు మంచు ఎత్తేసిన ఎదురింటాయన, లీవు అడక్కుండానే ఇచ్చిన మా మేనేజర్. ఇంకా ఎవరినైనా మర్చిపోతే తిట్టండి, చేరుస్తాను.

బాపు లేచినట్టున్నాడు, దగ్గు వినపడుతోంది. ఫ్రిజ్‌లో ఇంకా నాలుగు కట్‌లు ఉన్నాయి, వేడి చేసి పెట్టాలి.