నాథాన్ రేవులో కలిసిన అక్కకు

థాయ్‌లాండ్‌లోని డోన్‌సాక్‌లో ఎక్కిన ఫెర్రీ కోహ్ సముయ్ దీవిలోని నాథాన్ రేవులో దించేసరికి చీకటి పడుతోంది. మేం వెళ్లాల్సిన లమాయ్ అనే ఊరేమో ఆ దీవికి అటువైపున ఉంది. రాత్రయితే సాంగ్‌థియోలు టాక్సీ రేటు అడుగుతాయని మాకేం తెలుసు! అవి మన షేర్ ఆటోల్లాంటివే, వెనక రెండు బల్లలున్న పికప్ బండ్లు. అమ్మ మోకాళ్ల నొప్పితో సూట్‌కేసు మీదే కూలబడింది.

కొబ్బరిబోండాలు కొడుతున్న మీరు కత్తి పక్కన పెట్టి వచ్చారు. "లమాయ్?" అంటూనే, కదలబోతున్న బండిని చప్పట్లు కొట్టి ఆపారు. దిగేచోట పైనున్న బెల్ నొక్కాలని, డబ్బులు దిగాకే ఇవ్వాలని సైగలతోనే చెప్పారు. అమ్మ చేతిలో బోండాం పెట్టి, డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

హడావుడిలో మీ పేరే అడగలేదు. తెలుగులో రాస్తే మీకెలా చేరుతుందో కూడా తెలీదు. అయినా, మీ థాయ్ భాషలోనే ధన్యవాదాలు, ఖాప్ ఖున్ ఖా అక్కా! అమ్మ ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ బోండాం సంగతే చెబుతోంది.