ఉంతీస్ అంటే 39 కాదని నాకు చెప్పినవాళ్లకు

వేసవి సెలవులిచ్చారు. మా ఊరొచ్చి, పెరట్లో మంచం వాల్చుకుని, టీచరుగా నా మొదటి ఏడాదిలో సాయం చేసినవాళ్లకి ఇది రాస్తున్నాను. బడి జరిగే రోజుల్లో రాయాలని చాలాసార్లు అనుకున్నాను గానీ కుదరలేదు. కొందరికి మొహం మీద థ్యాంక్స్ చెబితే "ఊరుకోమ్మా" అని నవ్వేసి వెళ్లిపోతారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

2025 మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామకం) భర్తీకి పెట్టిన 16,347 పోస్టుల్లో ఒకటి నాకు దక్కింది. అక్టోబరులో పాత గుంటూరు వైపు ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాను. ఆర్డరు తెచ్చుకున్న రోజు మా నాన్న వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. చేరిన పదో రోజు నేను ఇంటికి ఫోన్ చేసి, ఈ ఉద్యోగం నా వల్ల కాదని ఏడ్చాను.

నేను చదువుకుంది సత్తెనపల్లి దగ్గర పల్లెలో, టీచర్ ట్రైనింగ్ (డీఈడీ) చేసింది బోయపాలెంలోని ప్రభుత్వ శిక్షణ కాలేజీ డైట్‌లో. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బళ్లన్నీ పల్లెటూరి బళ్లే. అక్కడ ఒక పిల్ల రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదో వీధి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పేస్తుంది. ఇక్కడ నాకిచ్చిన మూడో తరగతిలో 33 మంది. పద్నాలుగు మంది ఇళ్లలో ఉర్దూ. ముగ్గురు మాచర్ల వైపు తండాల నుంచి వచ్చిన సుగాలీ పిల్లలు. ఇద్దరు మగపిల్లలు, వరసకు అన్నదమ్ములు, ఒడిశా నుంచి కట్టుబడి పనికి వచ్చిన కుటుంబం వాళ్లు. మిగతావాళ్లది తెలుగే. పుస్తకం చూస్తే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. మధ్యలో నేను.

మొదటివారంలోనే ఒక పిల్లాడికి చాక్‌పీసు ఇచ్చి బోర్డు దగ్గరికి రమ్మంటే "నక్కో టీచర్" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను ఎగతాళి చేశాడనుకుని బయట నిలబెట్టాను. నక్కో అంటే వాళ్ల ఉర్దూలో "వద్దు" అని మాత్రమేనట. సిగ్గుపడి వద్దన్నాడు పాపం. ఆ పిల్లాడికి తరవాత నేనే సారీ చెప్పాను. వాడికి అసలు గుర్తే లేదు!

ఫోన్‌లో ఏడ్చిన మర్నాడు హెచ్ఎం మేడమ్ గారు నా మొహం చూసి ఏం అడగలేదు. ఆయమ్మతో టీ తెప్పించి, "రేపటి నుంచి మూడు వారాలు రోజూ రెండో పీరియడ్ మాస్టారు మీ క్లాసులో కూర్చుంటారు. ఆయన అయిదో తరగతి ఆ టైములో నేను చూసుకుంటా" అన్నారు. ఆవిడకి అప్పటికే యాప్‌లో హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క, మధ్యలో వచ్చే ఫోన్లు. ఇన్నిటి మధ్య రోజుకో పీరియడ్ తీసి నాకు ఇచ్చారు. కొత్త టీచరుకి ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, పీరియడ్ ఇచ్చేవాళ్లు తక్కువ. మేడమ్ గారూ, ఆ సాయం విలువ అప్పట్లో నాకు తెలియలేదు. పైగా నా మీద నిఘా పెట్టారనుకున్నాను. క్షమించాలి.

మాస్టారు గారికి రిటైర్‌మెంట్ దగ్గర పడింది. ఆరడుగుల మనిషి. మూడో తరగతి పిల్లల బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని వెనక కూర్చునేవారు. పిల్లల ముందు ఒక్క మాట మాట్లాడేవారు కాదు. నేను గోల ఆపలేక ఆయన వైపు చూస్తే, కిటికీలోంచి బయటికి చూసేవారు. పీరియడ్ అయ్యాక, గోడ క్యాలెండర్ నుంచి చించిన నిన్నటి తేదీ కాగితం వెనక రెండే రెండు విషయాలు రాసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. ఆ కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. మొదటిది: "సైలెన్స్ అని 31 సార్లు అన్నారు. ఏ ఒక్కసారీ ఆగలేదు." రెండోది: "కిటికీ పక్క మూడో పిల్లను ఈ వారంలో ఒక్కసారీ పేరుతో పిలవలేదు."

నిజమే, పిలవలేదు. ఆ పిల్ల గురించి పిల్లల స్థాయి రాసే రిజిస్టరులో అప్పటికే "లెక్కల్లో బాగా వెనక" అని రాసేశాను. గోల చేయదు, అడగదు, ఏం అడిగినా తలూపుతుంది. ముప్పైలోంచి ఒకటి తీసేయమంటే 39 అని రాస్తుంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తీసేస్తే ఎక్కువెలా అవుతుందే తల్లీ అని విసుక్కున్నాను కూడా.

ఆ కాగితం ఇచ్చిన రోజు మాస్టారు మొదటిసారి బల్ల దగ్గర ఆగారు. ముప్పై అగ్గిపుల్లలు ఇచ్చి, ఒకటి తీసేసి, ఎన్నున్నాయో వాళ్లింటి ఉర్దూలో లెక్కపెట్టమని ఆ పిల్లకి చెప్పారు. ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. ఏక్, దో, తీన్ అంటూ తడబాటు లేకుండా వెళ్లి "ఉంతీస్" దగ్గర ఆగింది. తప్పు లేదు, ఇరవై తొమ్మిదే. రాయమంటే 39 రాసింది.

"తీస్ అంటే ఎంతమ్మా?" అన్నారు మాస్టారు నాతో. ముప్పై అన్నాను. "ఉంతీస్‌లో ఆ పిల్లకి తీస్ వినబడుతోంది. అందుకని మూడు వేసి పక్కన తొమ్మిది పెట్టింది. మీరు ఇరవై తొమ్మిది అంటే ఇరవై వినబడుతుంది, వాళ్ల మాటలో తరవాతి పది, ముప్పై, వినబడుతుంది."

నాకు మతిపోయింది. మనకు ఇరవై ఒకటి దగ్గర్నుంచి అంతా సాఫీ. ఇరవై మీద ఒకటి, ఇరవై మీద రెండు, అంతే. ఉర్దూలో నూరు దాకా దాదాపు ప్రతి అంకెకీ విడిగా ఒక పేరు. పైగా 19, 29, 39, 49 అన్నీ వచ్చే పదికి ఒకటి తక్కువ అన్నట్టు ఉంటాయి. ఉన్నీస్, ఉంతీస్, ఉంతాలీస్, ఉంచాస్. 89, 99 మాత్రం మళ్లీ ఈ దారిలో రావు, వాటి గొడవ వేరే. ఆ పిల్లకు లెక్క వచ్చు. విన్నది మన రాతలోకి దించేటప్పుడే జారుతోంది. ఇంట్లో ఉర్దూలో లెక్కపెట్టి, బళ్లో తెలుగులో విని, పుస్తకంలో ఇంగ్లిష్‌లో చదివే ఎనిమిదేళ్ల పిల్లను నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ రోజే రిజిస్టరులో ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

తరవాతి సాయం ఆ పిల్ల అక్కది. తొమ్మిదో తరగతి చదువుతోంది. శనివారం సాయంత్రం వాళ్లమ్మతో కలిసి వచ్చి, వరండాలో కూర్చుని, ఒకటి నుంచి నూరు దాకా ఉర్దూ అంకెల పేర్లన్నీ తెలుగు లిపిలో చార్టు మీద రాసిపెట్టింది. వాళ్లమ్మ చెబుతుంటే అది రాసింది. డెబ్బైల దగ్గర తల్లీకూతుళ్లకు చిన్న తగాదా కూడా అయింది. ఆ చార్టు గోడకు పెట్టాక సుగాలీ పిల్లలు మావీ రాయమన్నారు. ఒడిశా పిల్లలు ఎక, దుయి, తిని అంటూ మొదలెట్టారు. అయిదు దగ్గరికొచ్చేసరికి ఒకళ్లు పాంచ్, ఇంకొకళ్లు పాంచ్, ఒడిశా వాళ్లు పాంచ. క్లాసంతా ఒకటే కేకలు. ఆ రోజు సైలెన్స్ అనలేదు నేను.

డిసెంబరులో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ఆ తల్లి వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెలుగు సరిగ్గా రాదని, చార్టు రాయడానికి వచ్చిన ఆ శనివారం దాకా ఎప్పుడూ గేటు దాటి లోపలికి రాలేదని తరవాత తెలిసింది. అమ్మా, మీ నూరు అంకెల్లో నేను ఎనభై దాకా నేర్చుకున్నాను. జూన్‌లో వచ్చాక అప్పజెబుతాను.

ఫిబ్రవరిలో మిర్చి యార్డుకు సరుకు పోటెత్తింది. గుంటూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, గాలే ఘాటుగా ఉంటుంది. తల్లులు తొడిమలు తీసే పనికి వెళ్తే చంటిపిల్లల్ని చూసుకోవడానికి పెద్దపిల్లలు ఇంట్లో ఉండిపోతారు. క్లాసులో 33 మందికి 21 మంది, ఒక్కోరోజు ఇంకా తక్కువ. ఒక పొద్దున ఒక పాప కళ్లు మూసుకుని, చేతులు దూరంగా పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. అమ్మకి సాయం చేసి, ఆ చేతులతోనే కళ్లు నలుపుకుంది. నేను గబగబా చేతులు నీళ్లతో కడగబోతే ఆయమ్మ నన్ను పక్కకు తోసింది. "నీళ్లు పోస్తే పోదమ్మా, ముందు నూనె రాయాల" అని తన బుట్టలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. కారం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. చేతులకి నూనె పట్టించి తుడిచి, అప్పుడు సబ్బుతో కడిగి, కళ్లకి మాత్రం చన్నీళ్లు చాలాసేపు పోసింది. మర్నాటి నుంచి బీరువాలో చాక్‌పీసుల పక్కన ఒక నూనె సీసా పెట్టాను. ఆయమ్మా, ఈ మాట ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు వాళ్లకి, రాత్రి పదకొండింటికి కూడా లెసన్ ప్లాన్లు పంపినందుకు థ్యాంక్స్. మా గది ఓనరు పిన్నిగారికి, పరీక్షల పేపర్లు దిద్దిన వారమంతా క్యారేజీ కట్టి ఇచ్చినందుకు. రుణపడి ఉన్నాను.

ఒక్కటి మిగిలిపోయింది. ఒంటిపూట బడులు మొదలైన వారంలోనే ఒడిశా పిల్లలిద్దరూ రావడం మానేశారు. పని అయిపోయిందని మేస్త్రీ ఇంకో చోటికి తీసుకెళ్లాడట. ఎక్కడికో వాళ్లున్న షెడ్డు పక్కవాళ్లకీ తెలియదు. రికార్డ్ షీట్లు (బడి మారేటప్పుడు ఇచ్చే కాగితాలు) తీసుకెళ్లలేదు. అవి లేవని ఏ బడీ చేర్చుకోకుండా ఉండకూడదని విద్యా హక్కు చట్టంలో ఉంది గానీ, ఆ సంగతి వాళ్ల నాన్నలకు ఎవరు చెబుతారు? గుంటూరు, అమరావతి, విజయవాడ వైపు కట్టుబడి పనులు చేయించేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ దగ్గర పనిచేసే ఒడిశా కుటుంబాల్లో మూడో తరగతి చదివే మగపిల్లలిద్దరు ఉన్నారేమో ఒకసారి అడగండి. గుంటూరు బళ్లో చదివామంటే నాకు మెసేజ్ చేయండి. రికార్డ్ షీట్లు రెండూ మేడమ్ గారి బీరువాలో పై అరలో ఉన్నాయి. నేనే తెచ్చి ఇస్తాను.