మాటకీ వంతు పెట్టండి

సంపాదకుల వారికి,

సభలో భయం పోవాలంటే అద్దం ముందు నిలబడి సాధన చేయాలని, గొంతు పెంచాలని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. మా ఇంట్లో అద్దం బొట్టు పెట్టుకోవడానికే సరిపోతుంది లెండి. అసలు తప్పంతా నోరు తెరవనివాళ్లదేనా, సభ నడిపేవాళ్లది ఏమీ లేదా?

మాది కోనసీమలో కాలువ శివారు, అంటే నీళ్లు చివరగా చేరే చోటు. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, చేను మునుగుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, మా బోదె (చేలోకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ) దాకా నీరు రావడమే గగనం. మురుగు డ్రెయిన్లో గుర్రపుడెక్క కలుపు తీయించమని అడగాల్సింది మేమే. గ్రామసభలో మైకు పట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. వాళ్ల చేలు తూము పక్కనే ఉంటాయి. "ఇంకెవరైనా మాట్లాడతారా అండీ?" అని అడిగి, ఊపిరి తీసుకునేలోపే ఆమోదించేశామంటారు. నాకు మొదటి మాట దొరికేసరికి టీలు పంచుతుంటారు.

అదే నన్ను డ్వాక్రా మీటింగులో చూడండి. పదిమందిమీ చాప మీద కూర్చుంటాం. పొదుపు కట్టేటప్పుడు వరసగా ఒక్కొక్కరినీ అడుగుతారు. అప్పు ముందు ఎవరికివ్వాలి, వాయిదా ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ అంటాను. కాస్త గట్టిగానే అంటానని మా లీడరు విసుక్కుంటుంది కూడా. నన్ను అడుగుతారని ముందే తెలుసు కాబట్టి ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్తాను.

గాంధీగారు లండన్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి శాకాహార సంఘం కార్యవర్గంలో ఉండేవారు. మీటింగుల్లో ఆయనకు నోరు పెగిలేది కాదు. ఒక డాక్టరును సంఘం నుంచి తీసేయాలని ప్రతిపాదన వస్తే, అది తగదని కాగితం మీద రాసుకెళ్లారు. లేచి చదవడానికీ ధైర్యం చాలలేదు. అధ్యక్షుడు వేరొకరి చేత చదివించారు. ఆయన పక్షం ఓడిపోయిందనుకోండి, అయినా అనదలచుకున్నది సభలో పడింది.

ఆ మర్యాద మాకూ చేయొచ్చు కదా! 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాలి. ఆ రెండింటికైనా ఎజెండా ముందురోజే సచివాలయం బోర్డుకి అంటించండి. మాట్లాడలేనివాళ్ల దగ్గర చీటీలు తీసుకుని కార్యదర్శి గారు పైకి చదవాలి. మనుషుల్ని మైకు దగ్గరికి పిలవకుండా, మైకునే వాళ్ల దగ్గరికి తెచ్చి కూర్చునే మాట్లాడనివ్వాలి. దాళ్వాలో నీళ్లు వంతులవారీగా వదిలినట్టు మాటకీ వంతు పెట్టి, ముందు శివారు వాళ్లని అడగండి.

నాలాంటి ఆడవాళ్లకి ఒక మాట. మొదటి వాక్యం బట్టీ పట్టండి, మిగతాది చీటీ మీద రాసుకోండి. సభ వంక చూడకుండా కార్యదర్శి గారినే చూస్తూ చెప్పండి. "మా బోదెకి నీళ్లు రావట్లేదండీ" అన్న ఒక్క ముక్కైనా చాలు. అది మినిట్స్ పుస్తకంలో రాశారో లేదో చూసుకుని మరీ ఇంటికి రండి.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
అమలాపురం దగ్గర, కోనసీమ జిల్లా